అన్న పేరున సీటు

“చెప్పను,” అంది సెల్లమ్మ.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే. భర్త వరదప్ప అరిచి అలిసిపోయాడు. ఆడబిడ్డ రాజాంబాళ్ గడ్డం పట్టుకుని బతిమాలింది. కొడుకు కంచం ముందు నుంచి లేచిపోయాడు. సెల్లమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉంది. బుట్ట నిండి కండెలు నేల మీదికి దొర్లుతున్నాయి. నిన్నటి నుంచి వరదప్ప కూర్చోక గుంటమగ్గం మీద కైలీ లుంగీ సగంలో నిలిచిపోయి ఉంది. అయినా చుడుతూనే ఉంది.

“ఒక్క మాటే గదే,” అన్నాడు వరదప్ప. “రేపు వేలూరికి వస్తావు. ఆఫీసరు ముందర ఒక్క మాట అంటావు. వేలిముద్ర ఏస్తావు. పొద్దు గుంకే లోపల ఇల్లు చేరతావు. దీనికి ఇంత రాద్ధాంతమా?”

“ఏ మాట?”

“తెలీనట్టు అడగబాక.”

“నువ్వే అను. నీ నోటితో ఒకసారి విందాం.”

వరదప్ప గొంతు సవరించుకున్నాడు. అంత కోపంలోనూ ఆ మాట అనడానికి అతని నాలుక కాస్త తడబడింది.

“ఆ పొద్దు వాంతిభేదిలో పోయింది పెద్దోడు కాదు, చిన్నోడు అని. మునసబు పుస్తకంలో పేరు తప్పు పడిందని.”

“చిన్నోడు యాడుండాడు?”

అందరి కళ్ళూ గడప మీద కూర్చున్న కుర్రవాడి వైపు తిరిగాయి.

అతనే చిన్నోడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు చిన్నమణి. వయసు పంతొమ్మిది. వేలూరు కాలేజీవాళ్ళు ఇచ్చిన టీసీలో మాత్రం అతను జయరాములు, వయసు ఇరవై రెండు, ఇంటర్మీడియట్ ప్యాసు. జయరాములు అతని అన్న. ఆరేళ్ళ వయసులో పోయాడు. పోయి పదహారేళ్ళయింది.

ఈ ఘనకార్యం చేసినవాళ్ళు ఇద్దరు. ఒకడు వరదప్ప. రెండోవాడు బయట తిన్నె మీద, గొడుగు పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలి పంతులు ఏసుదాసు. పెద్దవాడు పోయినా వీధి బడి హాజరు పట్టీలో పంతులు ఆ పేరు కొట్టెయ్యలేదు. పిల్లల సంఖ్య తగ్గితే ఇన్‌స్పెక్టరు బడి ఎత్తేస్తాడని భయం. రెండేళ్ళ తర్వాత వరదప్ప చిన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, ఉన్న పేరు మీదే కూర్చోబెట్టాడు. వరదప్ప వద్దనలేదు. వద్దనకపోవడమే కాదు, మొదటి నెల్లాళ్ళూ పొద్దున్నే బడి గోడ పక్కన నిలబడేవాడు. పంతులు “జయరాములు” అని పిలవడం, లోపలి నుంచి ఒక పసిగొంతు “ఉండానయ్యా” అనడం విని, కళ్ళు తుడుచుకుని పనికి పోయేవాడు.

పేరు అలా పై తరగతులకు పాకింది. వీధి కూడా ఆ పేరే పట్టుకుంది. తల్లి ఒక్కతే పట్టుకోలేదు. మనం వీధితో పాటు పోయి జయరాములనే పిలుద్దాం. లేకపోతే కథ నడవదు.

వేలూరులో చదువు ఇంటర్మీడియట్ దాకానే. బి.ఎ. కావాలంటే మద్రాసు పోవాలి. జయరాములు పోయాడు, టీసీ చూపించాడు. చరిత్ర గ్రూపులో సీటు ఇస్తానన్న కాలేజీ దొర, కాగితంలోని ఇరవై రెండేళ్ళ వంకా, ఎదురుగా ఉన్న మీసం రాని మూతి వంకా రెండుసార్లు చూసి, పుట్టుక రిజిస్టరు నకలు తెమ్మన్నాడు. సోమవారం లోపల. తేకపోతే ఆ సీటు ఇంకొకడిది. నకలు కోసం వేలూరు సర్కారు కచేరీకి పోతే గుమాస్తా పాత పుస్తకాలు తిరగేసి జయరాములు పుట్టుకనూ చూపించాడు, జయరాములు చావునూ చూపించాడు. చావు నమోదు తప్పయితే, ఆనాడు కబురు చెప్పినవాళ్ళే వచ్చి దిద్దించుకోవాలన్నాడు. ఆనాడు మునసబుకు కబురు చెప్పింది సెల్లమ్మ.

“ఆ పొద్దు మునసబు కాడికి నిన్నెవరు పొమ్మన్నారు?” అన్నాడు వరదప్ప ఇప్పుడు.

“బిడ్డ పోయినాడు. నువ్వు ఆంబూరు సంతలో ఉండావు. ఇంకెవరు పోవాల?”

“నేను వచ్చినాక నేను చెప్పుకోనుంటా గదా.”

“నువ్వు వచ్చేదాకా వాణ్ణి ఆడనే పెట్టుకోనుండాలనా?”

మగవాడు చేసిన తప్పును ఆడదాని నోట ఒప్పించడాన్నే కొందరు సంసారం అంటారు. వరదప్పకు ఆ విద్య బాగా వచ్చు. కానీ ఇవాళ పారలేదు.

“సెల్లమ్మా,” అని ఏసుదాసు తిన్నె మీద నుంచే పిలిచాడు. “కోపం పక్కన పెట్టి విను. ఉన్నదున్నట్టు చెప్పితే బిడ్డ చదువంతా రద్దు. స్కూల్ ఫైనలూ పోతుంది, ఇంటరూ పోతుంది. ఇంకొకడి పేరున పరీక్ష రాసినాడని కేసు పెడతారు. నన్ను గూడా లోపలేస్తారు. అది వదిలెయ్.”

“వదిలేసినా అయ్యోరా. ఒకటి చెప్పు. నీ పట్టీలో నా పెద్దబిడ్డ చచ్చినాక రెండేండ్లు దినామూ బడికి వచ్చినాడా?”

పంతులు గొడుగు అందుకున్నాడు.

“ఎప్పుడన్నా సెలవు పెట్టినాడా? జరం గిరం వచ్చిందా?”

“అమ్మా, ఆ కాలంలో...”

“రెండేండ్లు నీ కాడ బతికినాడు. ఒక పొద్దన్నా నాకి చూపించింటే బాగుండు.”

ఏసుదాసు చెప్పులు వేసుకుని తలుపు వైపు చూడకుండా వీధిలోకి దిగిపోయాడు.

రాజాంబాళ్ ముందుకు జరిగింది. “కాగితంలో చచ్చినోడు కాగితంలోనే చస్తాడు సెల్లమ్మా. మనిషి ఎదురుగా గుండ్రాయి మాదిరి కూర్చోనుండాడు గదా. నీకేం పోతాది?”

“ఏమీ పోదా వదినా?”

“ఏం పోతాది!”

“నీ కొడుకు పొన్నుస్వామి గూడా ఉండాడు గుండ్రాయి మాదిరి. వాడు చచ్చినాడని ఒక్కసారి అను. వింటా.”

“తూ! తూ!” రాజాంబాళ్ ఎగిరి లేచింది. “నోరు కడుక్కో! శుక్రవారం పూట, దీపాల వేళకు, కన్నబిడ్డను...” కొంగు దులుపుకుంది, వాకిట్లో మట్టి తీసి మూడుసార్లు విసిరింది, ఆ దూకుడుతోనే ఇంటికి పోయింది. మలుపు తిరిగే దాకా ఆమె తిట్లు వినిపించాయి.

“చూసినావా?” అంది సెల్లమ్మ ఎవరి వైపూ చూడకుండా.

వరదప్ప తుండు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తిరుగు మాట లేనప్పుడు అతను ఎప్పుడూ బయటికే నడుస్తాడు.

*

ఇంట్లో రాట్నం చప్పుడు మిగిలింది.

జయరాములు గడప మీద నుంచి లేచి వచ్చి తల్లి ఎదుట కూర్చున్నాడు. చిక్కుపడిన నూలు ఒకటి తీసి విప్పబోయాడు. రెండేళ్ళు హాస్టల్లో ఉన్న వేళ్ళు; మెత్తబడిపోయాయి. దారం తెగింది.

“పెట్టెయ్,” అంది.

పెట్టేశాడు.

పక్కింట్లో మగ్గం టకటకలాడుతూ ఉంది. ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

“ఆడ మద్రాసులో ఏం చదువుతావు?” అంది చివరికి.

“చరిత్ర.”

“అంటే?”

“ముందు కాలంలో జరిగినవి. ఎవరు ఎప్పుడు పుట్టినారు, ఎప్పుడు చచ్చినారు, ఎవరి తర్వాత ఎవరు వచ్చినారు. జరిగింది జరిగినట్టు తెలుసుకొనేది.”

సెల్లమ్మ నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. అతను తల దించుకున్నాడు.

“నవ్వబాకమ్మా. నీకి అర్థం కాదు. వేలూరు కాలేజీలో మేడ మీద పుస్తకాల గది ఉండాది. కిటికీలో నుంచి కోట గోడ కనిపిస్తాది. ఆడ కూర్చుంటే, నేను ఎవరి బిడ్డనో, ఏ వీధిలో పుట్టినానో నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆ గదిలో నేను మనిషిని. ఈడికొచ్చి ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నడుం దాకా పూడ్చిపెట్టినట్టు ఉంటాది.”

“మీ నాయన ముప్పై ఏండ్లు కూర్చున్నాడు. ఆయన పూడిపోయినాడా?”

జయరాములు మగ్గం గుంట వైపు చూశాడు. తన అభిప్రాయం తనకుంది.

“సరే మణీ,” అంది. ఆమె అతన్ని అలాగే పిలుస్తుంది. “చదివినోడివి నువ్వే. పరీక్ష రాసినోడివి నువ్వే. చెయ్యి నీదే గదా. పోయి చెప్పుకో, నేను చిన్నమణిని అని. కనికరం ఉండే దొర ఒకడన్నా ఉండడా?”

“చెయ్యితో వాళ్ళకి పని లేదు. పేరే కావాల.”

“ఆ పేరు నీకి బరువు కాలేదా ఇన్నాళ్ళు?”

“ఎందుకు కాలేదు?” అతని గొంతు పెరిగింది. “నాయన ఆ పేరు పిలిచినప్పుడు నా మొగం చూడడు. తెలుసునా నీకి? నా తల పైన ఎవరో ఉన్నట్టు ఆడికి చూసి పిలుస్తాడు. నేను ఫస్టు మార్కు తెచ్చిన పొద్దు ‘వాడు మొదటి నుంచీ అంతే’ అన్నాడు. ఎవడు? ఎవడు మొదటి నుంచీ అంతే? ఎవరికి చెప్పుకోవాల నేను? బడిలో ఏసిన పొద్దు నువ్వు యాడుంటివి?”

“ఇంట్లోనే.”

“తెలుసునా నీకి?”

“తెలుసు.”

“తెలిసి సద్ది కట్టిచ్చి పంపినావు.”

రాట్నం ఆగింది.

“అడ్డం పోయింటే మీ నాయన కొట్టుంటాడు,” అంది మెల్లగా. “కొట్టినా పోవాల్సింది. పోలేదు. ఆ పేరు మళ్ళీ ఇంట్లో వినిపిస్తాదని నాకి గూడా రవ్వంత ఆశ పుట్టింది. ఒక్క పొద్దు. అంతే. మర్నాటికి పోయింది ఆ ఆశ. కానీ ఆ పొద్దు ఊరకుండిపోయినా. తప్పు నాదే.”

“నీ తప్పయితే శిక్ష నాకెందుకు?”

అన్న తర్వాత, ఆ మాట ఎక్కడ తగిలిందో అతనికే కనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. చదువుకున్నవాడు, ఏ మాట ఎక్కడ పని చేస్తుందో తెలిసినవాడు.

సెల్లమ్మ వంగి, నేల మీద దొర్లిన కండెలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. పట్టనివాటిని ఒళ్ళో పెట్టుకుంది. 

“పోదాం రేపు,” అంది.

“అమ్మా!”

“కాళ్ళు పట్టుకోబాక. ఒక మాట చెప్తాను, దానికి ఒప్పుకుంటే వస్తా. ఆడ రాసింది నేను చదవలేను. నువ్వే చదివి వినిపించాల. గుమాస్తా కాదు, మీ నాయన కాదు. నువ్వు.”

*

కచేరీ వరండాలో జనం పలచగా ఉన్నారు. శనివారం.

వరదప్ప పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. చలవ పంచె, జరీ తలపాగా. సెల్లమ్మ రోజూ కట్టే చీరలోనే ఉంది. జయరాములు చేతిలో తోలుపెట్టె. పని కాగానే అటునుంచి అటే మద్రాసు పోవాలని తండ్రి ఏర్పాటు.

గుమాస్తా జానకిరామన్ ముక్కుపొడి పీల్చి, కాగితం మీద పడిన పొడిని ఊదాడు. “ఎన్నమ్మా, తయారా? ముందే చెప్తున్నాను. ఆఫీసరు దొర ముందు చెప్పింది చెప్పినట్టు నిలుస్తుంది. రేపు వచ్చి కాదు అంటే, ఈ రోజు చెప్పినదానికి జైలు.”

“తెలుసు సామీ.”

ఆఫీసరు లోపల బల్ల వెనక ఉన్నాడు. బల్ల మీద జయరాములు స్కూల్ ఫైనల్ పుస్తకం తెరిచి పెట్టి ఉంది. పక్కనే టీసీ. పాత చావుల రిజిస్టరు దుమ్ము తుడిచి తెచ్చారు. వాంగ్మూలం అరవంలో రాసి ఉంది. జయరాములు చేతికి ఇచ్చారు.

ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ అతనికి తెలుగు అక్షరం రాదు. ఆ వీధిలో ఎవరికీ రాదు. అరవం, ఇంగ్లీషు చదువుతాడు. ఒక్కో వాక్యం కంటితో అరవంలో చదివి, నోటితో తల్లికి తెలుగులో చెప్పాలి.

“‘గుడియాత్తం నేతవీధి వరదప్ప భార్య సెల్లమ్మ అనే నేను చెప్పేది ఏమంటే...’”

“ఊఁ.”

“‘నాకి ఇద్దరు మగబిడ్డలు.’”

“ఊఁ.”

“‘పెద్దవాడు జయరాములు. ఇప్పుడు బతికి ఉండాడు.’”

“ఊఁ.”

అతను ఆగాడు. తరవాతి వాక్యం చిన్నదే. కష్టమైన మాట ఒక్కటీ లేదు అందులో.

“చదువు నాయనా,” అంది సెల్లమ్మ.

“‘రెండోవాడు చిన్నమణి. పంతొమ్మిది వందల పదో సంవత్సరంలో... వాంతిభేది తగిలి... చనిపోయినాడు.’”

“ఊఁ అనమ్మా,” అని జానకిరామన్ తొందరపెట్టాడు.

“ఇంకోసారి చదవమను సామీ. సరిగ్గా వినపడలేదు.”

వినపడింది. గది చిన్నది. ఆమె చెవులు బాగానే ఉన్నాయి.

జయరాములు మళ్ళీ చదివాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒకసారి చదివిన పాఠం రెండోసారి సులువు.

“ఊఁ,” అంది సెల్లమ్మ.

ఆఫీసరు తలెత్తాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. “అమ్మా, చనిపోయిన పిల్లవాడి ఒంటి మీద ఏమైనా గుర్తులు ఉండేవా? మచ్చ గానీ, గాటు గానీ?”

జయరాములు చెయ్యి కనుబొమ్మ మీదికి పోబోయి ఆగింది. అతనికి ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాటు ఉంది. రెండేళ్ళప్పుడు మగ్గం పక్కన ఆడుకుంటుంటే దారం మోసే నాడె ఎగిరి వచ్చి తగిలింది. దాన్ని కుట్టించడానికి సెల్లమ్మ అతన్ని చంకనేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. ఆ గాటు స్కూల్ ఫైనల్ పుస్తకంలో గుర్తుల కింద రాసి ఉంది. ఆ పుస్తకం ఆఫీసరు మోచేతి కింద ఉంది. చిన్నమణికి ఆ గాటు ఉండేదని ఆమె ఒక్క మాట అంటే చాలు.

సెల్లమ్మ కొడుకు కనుబొమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది. వరదప్ప దగ్గాడు.

“ఏమీ లేవు సామీ,” అంది. “నిండుగా ఉండాడు బిడ్డ. పూడ్చేటప్పుడు గూడా నిద్రపోయినట్టే ఉండాడు.”

ఆ గదిలో అబద్ధం అంత బాగా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు. 

“ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?”

“లేరు. ఉండేది ఈ పెద్దోడే.”

వరదప్ప ఇక ఉండబట్టలేకపోయాడు. “పెద్దోడు బంగారం సామీ! ఒకటో తరగతిలోనే పన్నెండో ఎక్కం తలకిందులుగా చెప్పేవాడు. వాడి గొంతు వింటే దారిన పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. వీడు గొప్పోడైతాడని జోస్యుడు వాడు పుట్టిన పొద్దే చెప్పినాడు.” అంటూ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ ఎక్కం చెప్పింది తను కాదు. ఆ గొంతు తనది కాదు. తండ్రి చెయ్యి భుజం మీద పడటం జయరాములుకు ఊహ తెలిశాక అదే మొదలు. ఆ చెయ్యి తన భుజం మీద లేదని కూడా అప్పుడే తెలిసింది. కదిలితే పడిపోతుందేమో అన్నట్టు నిలబడ్డాడు.

సెల్లమ్మ వేలికి సిరా రాశారు. కాగితం మీద ముద్ర పడింది. పాత రిజిస్టరులో జయరాములు అనే పేరు మీద ఎర్రగీత గీసి, పైన చిన్నమణి అని రాసి, ఆఫీసరు సంతకం పెట్టాడు. అరగంటకు నకలు తయారైంది. సోమవారం పొద్దున కాలేజీ దొర బల్ల మీద పెట్టడానికి ఇక ఏ లోటూ లేదు.

“బి.ఎ.!” అన్నాడు వరదప్ప వరండా మెట్లు దిగుతూ. “మన వీధిలో మొదటి బి.ఎ.!”

సెల్లమ్మ వేలి సిరాను గోడకు రాయబోయి, మానుకుని, చెయ్యి మూసుకుంది.

*

మద్రాసు బండి కాట్పాడిలో నాలుగింటికి. జట్కా వేలూరు దాటి పాలారు దగ్గరికి వచ్చేసరికి మూడు కావస్తోంది.

దారి పొడుగునా వరదప్పే మాట్లాడాడు. హాస్టల్లో ఎవరితో ఎలా మెలగాలి, గది తలుపు బోర్డు మీద పేరు ఎలా రాయించాలి. జయరాములు ఊఁ కొట్టాడు. సెల్లమ్మ బండి వెనక అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంది.

ఏట్లో నీళ్ళు లేవు. అటు నుంచి ఇటు దాకా ఇసక. మధ్యలో అక్కడక్కడా జనం నీళ్ళకు తోడుకున్న చెలమలు. ఒక చెలమ దగ్గర చాకలి ముసలాయన గుడ్డలు ఆరేస్తున్నాడు.

“బండి నిలుపు నాయనా,” అంది సెల్లమ్మ.

“ఎందుకు? టైము లేదు,” అన్నాడు వరదప్ప.

ఆమె అప్పటికే దిగిపోయింది. ఎండకు కాలిన ఇసకలో చెప్పులు లేకుండా నడిచింది. ముసలాయనను ఒక చెంబు అడిగి తీసుకుంది. చెలమ పక్కన కూర్చుని కొప్పు విప్పేసింది. కట్టుకున్న చీరతోనే తల మీద ఒక చెంబు పోసుకుంది. ఇంకొకటి. ఇంకొకటి.

వరదప్ప పంచె ఎగగట్టుకుని పరుగెత్తాడు. జయరాములు వెనకే వెళ్ళాడు.

“పిచ్చి పట్టిందా నీకి? నడిదారిలో ఈ తలస్నానం ఏంది? ఎవరు చచ్చినారని?”

“చిన్నోడు,” అంది సెల్లమ్మ. “గవర్నమెంటు ముందర చెప్పినాను గదా. పక్కనే నిలబడి విన్నావు.”

“అది కాగితానికే!”

“కాగితానికి నోరు లేదు. చెప్పింది నేను.” జుట్టులో నీళ్ళు పిండుకుంది. “మైల నాకొక్కదానికే కాదు. నువ్వు తండ్రివి. నీ ఇష్టం, పోసుకుంటే పోసుకో. నువ్వు పోసుకుంటావని నేను అనుకోలేదు.”

తర్వాత కొడుకు వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఇంటికి పెద్దకొడుకుతో మాట్లాడినట్టు, కాస్త మర్యాదగా మాట్లాడింది.

“నువ్వు పెద్దోడివి. తోడబుట్టినోడు పోయినాడు. నీళ్ళు పోసుకోకుండా రైలెక్కకూడదు నాయనా. చొక్కా తీసి కూర్చో.”

“అమ్మా, రైలు...”

“మూడు చెంబులే.”

బండివాడు దూరం నుంచి కేక వేశాడు. “సార్! ఇంకా ఆలస్యమైతే బండి దొరకదు!”

జయరాములు చేతిలో నకలు ఉంది. మడిచి తండ్రికి ఇచ్చాడు. వరదప్ప దాన్ని తలపాగాలో పెట్టుకున్నాడు, తడవకుండా. జయరాములు చొక్కా తీశాడు. అమ్మను కాదని బండెక్కే ధైర్యం లేదు. కాగితం చింపి ఆమె చేతిలో పెట్టే ధైర్యం అంతకంటే లేదు. కాబట్టి కూర్చున్నాడు.

“అట్ల కాదు. దక్షిణం తిరుగు.”

తిరిగాడు.

మొదటి చెంబు పడింది. ఇసక కాలుతున్నా నీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండో చెంబు పడేటప్పుడు సెల్లమ్మ ఏడుపు ఎత్తుకుంది. మామూలు ఏడుపు కాదు. చావు ఇంట్లో ఆడవాళ్ళు రాగం తీసి, పోయినవాడి ముచ్చట్లన్నీ చెప్పుకుని ఏడ్చే ఏడుపు.

“నాడె తగిలి నెత్తురు కారతా ఉంటే నా మెడ పట్టుకుంటివే కొడుకా! జొన్నసంకటి తినను అని మూలకు పోయి కూర్చుంటివే కొడుకా! వేలూరికి పోయేటప్పుడు నాలుగు తూర్లు వెనక్కి చూస్తివే కొడుకా!”

అన్నీ అతనివే. ఒక్కటి కూడా అన్నవి కావు. జయరాములు తల మీద నుంచి నీళ్ళు కారుతుండగా, కళ్ళు మూసుకుని, తన కోసం తల్లి ఏడవడం విన్నాడు. అంత ప్రేమగా ఆమె అతని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. బతికున్నవాళ్ళ గురించి ఎవరూ అలా మాట్లాడరు.

గుడ్డలు ఆరేస్తున్న ముసలాయన చేతిలోని పంచె అలాగే పట్టుకుని దగ్గరికి వచ్చాడు. వరదప్పను చూశాడు, తలపాగా తియ్యని మనిషిని ఏమీ అడగబుద్ధి కాలేదు. కుర్రవాడి వైపు వంగాడు.

“అయ్యో పావం. ఎవరు తంబీ పోయింది?”

సెల్లమ్మ రాగం ఆపలేదు గానీ గొంతు తగ్గించింది. మూడో చెంబు నిండుగా ఎత్తి, కొడుకు ఏమంటాడో విన్నాకే అన్నట్టు, పొయ్యకుండా పట్టుకుంది.

జయరాములు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఇసక, ఇసక అవతల గట్టు. ముసలాయన జవాబు కోసం నిలబడే ఉన్నాడు. తండ్రి తల అడ్డంగా ఊపుతున్నాడు: ఏమీ చెప్పొద్దని. కాట్పాడి వైపు నుంచి ఏదో రైలు కూత సన్నగా వినిపించింది.

“మా తమ్ముడు,” అన్నాడు.

ఏడుపు ఆగిపోయింది.

మూడో చెంబు అతని మీద పడలేదు. సెల్లమ్మ ఆ నీళ్ళు, పోయినవాడికి వదిలినట్టు, మెల్లగా ఇసకలో పోసింది. చెంబు తుడిచి ముసలాయన చేతికి ఇచ్చి దణ్ణం పెట్టింది. తడి చీర కొంగు నడుముకు బిగించుకుని నడవసాగింది. బండి వైపు కాదు. ఏటికి ఎగువగా, ఏ ఊరూ కనిపించని వైపు.

“ఏయ్! యాడికి పోతావే?” అని వరదప్ప అరిచాడు. “జయరాములూ, నువ్వు బండెక్కు! నేను దాన్ని చూసుకుంటా, నువ్వెక్కు!”

వరదప్ప అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా కదల్లేదు. సెల్లమ్మ వెనక్కి తిరగలేదు. జయరాములు సగం తడిసిన ఒంటితో, చేతిలో చొక్కాతో, ఇసకలో లేచి నిలబడ్డాడు.